పిల్లల్ని కోచ్‌కి అప్పగించే ముందు ఏం అడగాలి?

పోయిన నెల ఒక తండ్రి హాస్టల్ ఉన్న స్పోర్ట్స్ అకాడమీని ఎలా ఎంచుకోవాలని అడిగారు. గ్రౌండు, తిండి, ఫీజుల గురించి రాసి, చివర్లో "అక్కడ పిల్లలతో ఉండే పెద్దవాళ్లెవరో, వాళ్ల వివరాలు ఎవరు సరిచూశారో కూడా కనుక్కోండి" అన్నాను. ఆ ఒక్క మాట మీదే ఉత్తరాలన్నీ వచ్చాయి. అందుకే ఈసారి మోకాలి నొప్పులు, బూట్ల ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం చోటు వీటికే ఇస్తున్నాను. స్కూలు జట్లను వెంటేసుకుని బస్సుల్లో, రైళ్లలో జిల్లాలు తిరిగిన ఫిజికల్ డైరెక్టర్‌గా నాకు తెలిసింది రాస్తాను. పిల్లల్ని గుర్తుపట్టే వివరాలేవీ ఉంచలేదు.

ప్రశ్న: మా పాప ఏడో తరగతి. బ్యాడ్మింటన్ బాగా ఆడుతుంది. పొద్దున ఐదింటికి, మిగతా పిల్లలకంటే ముందే పంపితే విడిగా నేర్పిస్తానని, దానికి ఫీజు కూడా వద్దని కోచ్ అంటున్నారు. టోర్నమెంట్లకు తన కార్లోనే తీసుకెళ్తారట. నాకేమో లోపల టెన్షన్. మావారేమో "అంత మంచి మనిషిని అనుమానిస్తే పాప భవిష్యత్తు పోతుంది" అంటున్నారు. ఆయన ఎలాంటివారో ఎలా తెలుసుకోవాలి?
— ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ఆయన ఎలాంటివారో నేను చెప్పలేను, మీరూ తేల్చుకోలేరు. ఆ ప్రశ్న పక్కన పెట్టండి. పాప ఆయనతో ఎప్పుడు, ఎక్కడ, ఎవరి కళ్లెదుట ఉంటుందన్నది మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది. అక్కడ గట్టిగా ఉంటే చాలు. అలా ఉండటానికి ఎవర్నీ అనుమానించక్కర్లేదు.

పొద్దున ఐదింటి సంగతి. మన ఊళ్లలో షటిల్ హాళ్లు ఆ వేళకి ఎలా ఉంటాయో నాకు తెలుసు. షట్టర్ సగం ఎత్తి ఉంటుంది, ఒక్క కోర్టు మీదే లైటు వెలుగుతుంది, వాచ్‌మన్ నిద్రలో ఉంటాడు. అలాంటి చోట ఒక పెద్దమనిషి, ఒక పిల్ల మాత్రమే ఉండకూడదు. ఆ పెద్దమనిషి ఎంత గొప్పవాడైనా సరే, ఆడమనిషైనా సరే. మీరో, మీవారో వెళ్లి కూర్చోండి. కుదరకపోతే ఆ వేళకి ఇంకో ఇద్దరు పిల్లల్ని కలుపుకోండి. షట్టర్ పూర్తిగా ఎత్తించండి.

కారు విషయంలోనూ అంతే. తల్లిదండ్రుల్లో ఒకరు వెంట ఉంటే కార్లో వెళ్లండి. లేదంటే బస్సులోనో రైల్లోనో మీరే తీసుకెళ్లి, టోర్నమెంటు జరిగే హాలు దగ్గర కోచ్‌ని కలవండి. రాత్రి ఉండాల్సి వస్తే ఏ గదిలో ఎవరుంటారో బయల్దేరకముందే అడగండి. ఆడపిల్లల వెంట ఒక ఆడమనిషి ఉండాలి. కోచ్ పిల్లల గదిలోకి వెళ్లకూడదు, పిల్లలు కోచ్ గదిలోకి వెళ్లకూడదు. రేపటి మ్యాచ్ గురించి మాట్లాడాలంటే లాడ్జి వరండా ఉంది, రిసెప్షన్ ఉంది. ఇది నేను పెట్టిన చాదస్తం కాదు. 2022లో విదేశంలో శిక్షణకు వెళ్లిన ఒక సైక్లింగ్ క్రీడాకారిణి తన కోచ్ మీద ఫిర్యాదు చేశాక, మహిళా క్రీడాకారులున్న బృందం వెంట మహిళా కోచ్ తప్పనిసరిగా ఉండాలని భారత క్రీడా ప్రాధికార సంస్థే ఆదేశించింది. దేశానికి ఆడే పెద్దవాళ్లకే అవసరమైన జాగ్రత్త ఏడో తరగతి పిల్లకు అక్కర్లేదా?

ఇదంతా కోచ్‌కి ఎలా చెప్పాలంటారా? ఇలా చెప్పండి: "సార్, పాపని ఇంత పట్టించుకుంటున్నారు, చాలా సంతోషం. పొద్దున నేనో వాళ్ల నాన్నో వచ్చి కూర్చుంటాం. టోర్నమెంట్లకు వెంట వస్తాం. ఫీజు మామూలుగానే కడతాం." ఇందులో ఆయన్ని నొప్పించే మాట ఒక్కటీ లేదు. ఆయన "రండమ్మా, మంచిదే" అంటే హాయి. "పేరెంట్స్ ఉంటే పిల్ల ఆట మీద మనసు పెట్టదు" అంటే సరే అని దూరంగా కూర్చోండి, హాలు మాత్రం వదలొద్దు. "నా మీద నమ్మకం లేకపోతే వేరే చోట చూసుకోండి" అంటే నిజంగానే వేరే చోట చూసుకోండి. గుంటూరు దగ్గరే, బెజవాడ దగ్గరే, కోర్టులకు కొదవ లేదు.

ఫీజు కడతామని ఎందుకు చెప్పమన్నానంటే, పేద పిల్లలకు సొంత డబ్బుతో బూట్లు కొనిచ్చిన కోచ్‌లు ఎందరో నాకు తెలుసు, వాళ్లకు చేతులెత్తి దండం పెడతాను. కానీ పిల్లల్ని లొంగదీసుకోవాలని చూసేవాడు మొదలుపెట్టేది కూడా అక్కడే. ముందు "నీలాంటి ప్లేయర్ ఇంకొకరు లేరు" అంటాడు. తర్వాత ఒక రాకెట్టో, ఒక ఫోనో ఇస్తాడు. ఇంట్లోవాళ్లు ఆయనకు రుణపడ్డట్టు భావించేలా చేస్తాడు. మిగతా పిల్లల్నుంచి వేరు చేస్తాడు. ఆ తర్వాత "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అనే చిన్న రహస్యం ఒకటి పెట్టి, పిల్ల ఇంట్లో చెప్తుందో లేదో చూస్తాడు. చెప్పలేదంటే ఇంకో అడుగు ముందుకేస్తాడు. ఇదంతా నెలల తరబడి జరుగుతుంది. ఒక్కో అడుగు విడిగా చూస్తే తప్పుపట్టడానికి ఏమీ కనిపించదు.

పాపతో ఒక్క మాట చెప్పి ఉంచండి. భయపెట్టే కథలు వద్దు. "ఎవరైనా సరే, అమ్మకు చెప్పొద్దు అని ఏదైనా అంటే, ఆ విషయమే ముందు నాకు చెప్పు. నిన్ను తిట్టను, ఆట మాన్పించను." రెండో వాక్యం మర్చిపోవద్దు. ఆట మాన్పిస్తారేమోనన్న భయంతోనే చాలామంది పిల్లలు నోరు విప్పరు.

ప్రశ్న: కరాటే, స్కేటింగ్ నేర్పే చిన్న అకాడమీ నడుపుతున్నాను. కోచ్‌లు, వ్యాన్ డ్రైవర్, వాచ్‌మన్ అందరూ కలిసి పది మందికి లోపే. ఈ మధ్య ఒక పేరెంట్ వచ్చి "మీ స్టాఫ్‌కి పోలీస్ వెరిఫికేషన్ ఉందా?" అని అడిగారు. మావాళ్లంతా బ్లాక్ బెల్టులు, ఒకాయనకు పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) ఇచ్చే కోచింగ్ డిప్లొమా కూడా ఉంది. వెరిఫికేషన్ అంటే వాళ్లు బాధపడతారు. అయినా అది స్కూళ్లకే కదా?
— అకాడమీ నిర్వాహకుడు, కరీంనగర్

జవాబు: స్కూళ్లకే కాదండీ, మీకూ వర్తిస్తుంది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడటానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం కింద 2020 మార్చిలో కొత్త నియమాలు వచ్చాయి. అందులో మూడో నియమం స్కూళ్లు, క్రెష్‌లతో పాటు స్పోర్ట్స్ అకాడమీలను పేరు పెట్టి మరీ చెప్పింది. పిల్లలతో సంబంధం ఉండే ప్రతి ఉద్యోగికీ పోలీస్ వెరిఫికేషన్, నేపథ్య విచారణ జరగాలి. పాఠం చెప్పేవారైనా కాకపోయినా, పర్మనెంటైనా కాంట్రాక్టైనా తేడా లేదు. ఒకసారి చేయించి ఫైల్లో పెట్టేస్తే సరిపోదు, కొంత కాలానికోసారి మళ్లీ చేయించాలి. పిల్లల రక్షణ మీద సిబ్బందికి ఎప్పటికప్పుడు శిక్షణ ఇప్పించాలని కూడా అదే నియమంలో ఉంది. మీ వ్యాన్ డ్రైవరూ, వాచ్‌మనూ ఈ లెక్కలోకి వస్తారు.

బ్లాక్ బెల్టూ, డిప్లొమా ఆ మనిషికి ఆట ఎంత వచ్చో చెప్తాయి. అంతవరకే.

మీవాళ్లు బాధపడతారన్నారు. మొదటి దరఖాస్తు మీ పేరు మీదే పెట్టండి. తర్వాత అందరివీ ఒకే రోజు పెట్టించండి. యజమాని తనకు తాను చేయించుకున్నాక డ్రైవర్‌కి అవమానం ఏముంటుంది? దరఖాస్తు ఎలా చేయాలో మీ పోలీస్ స్టేషన్‌లో చెప్తారు. ఒక జాగ్రత్త తీసుకోండి. ఆ మనిషి అంతకుముందు ఏయే ఊళ్లలో ఉన్నాడో, ఎక్కడెక్కడ పనిచేశాడో మొత్తం రాయించుకోండి. నిరుడు మీ ఊరొచ్చిన మనిషి గురించి మీ ఊరి స్టేషన్ రికార్డులో ఏముంటుంది?

ఇప్పుడు అసలు విషయం. వెరిఫికేషన్‌లో బయటపడేది కేసు నమోదైనవాళ్లు మాత్రమే. మన దగ్గర ఇలాంటివాటిలో ఎన్ని కేసుల దాకా వెళ్తాయి? నా ఉద్యోగకాలంలో చాలాచోట్ల నడిచిన పద్ధతి చెప్తాను. ఒక పిల్ల ఇంట్లో ఏదో చెప్తుంది. తండ్రి గొడవకొస్తాడు. నలుగురు పెద్దలు కూర్చుని "ఆడపిల్ల పరువు" అంటారు, "సంస్థ పేరు" అంటారు. కోచ్‌ని చడీచప్పుడు కాకుండా పంపించేస్తారు. కొన్నాళ్లకు అతను పక్క జిల్లాలో కొత్త ఫ్లెక్సీ కింద, మెడలో దండతో నిలబడి ఉంటాడు. అక్కడి పిల్లల తల్లిదండ్రులకు ఏమీ తెలియదు. ఇది తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

అందుకే పాత చోట్లకు మీరే ఫోన్ చేయండి. అతను ఇచ్చిన నంబరుకే కాదు, ఆ సంస్థ బోర్డు మీదున్న నంబరుకి చేయండి. రెండు ప్రశ్నలడగండి: ఎందుకు మానేశారు? మళ్లీ వస్తానంటే పెట్టుకుంటారా? రెండో ప్రశ్నకు అవతలి మనిషి తడబడితే ఆ ఉద్యోగం ఇవ్వకండి.

ఇక మీ దగ్గరే అలాంటిది జరిగితే, దయచేసి పంచాయితీ పెట్టొద్దు. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం రుజువులు దొరికేదాకా ఆగక్కర్లేదు, నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న భయం ఉన్నా పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే మామూలు మనిషికి ఆరు నెలల వరకు జైలు, సంస్థ నడిపేవారికి తన కింది ఉద్యోగి విషయంలో ఏడాది వరకు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద మాత్రం ఏ కేసూ పెట్టడానికి లేదని కూడా అదే సెక్షన్ చెప్తుంది. మహిళలపై పని ప్రదేశంలో వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం కూడా స్టేడియంలను, క్రీడా శిక్షణ కేంద్రాలను పని ప్రదేశాలుగానే లెక్కేసింది. మీ దగ్గర పని చేసే లేడీ కోచ్‌కి ఇబ్బంది వస్తే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లొచ్చు.

శిక్షణ ఎవరిస్తారని అనుకుంటారేమో. జిల్లా బాలల పరిరక్షణ విభాగం ప్రతి జిల్లాలో ఉంది, అక్కడి అధికారిని పిలవండి. ఒక ఆదివారం పూట చాలు. ఉపన్యాసంతో సరిపెట్టకుండా మీ అకాడమీలో జరిగే సంగతులే ముందు పెట్టి మాట్లాడించండి. క్లాసు టైముకి రోజూ కడుపునొప్పి అనే పిల్లాణ్ని ఎవరు గమనించాలి? చివర్లో వ్యాన్‌లో ఒక్క పిల్లే మిగిలిపోతే డ్రైవర్ ఏం చేయాలి? పిల్లాడు వచ్చి "మీకొకటి చెప్తాను, ఎవరికీ చెప్పనని ఒట్టేయండి" అంటే ఏమనాలి? ఒట్టేయకూడదు. "నీకు సాయం చేయగలిగినవాళ్లకు మాత్రం చెప్తాను" అనాలి. పిల్లాడు చెప్పింది పూర్తిగా వినాలి, మధ్యలో గుచ్చి గుచ్చి అడగకూడదు, వాడి మాటల్లోనే కాగితం మీద రాసిపెట్టి ఆ రోజే కబురు చేయాలి. ఇలా ముందుగా ఒకసారి అనుకుని ఉండకపోతే మంచివాళ్లకు కూడా ఆ క్షణంలో నోట మాట రాదు. కోచ్‌కి సాయం చేసే సీనియర్ కుర్రాళ్లని కూడా ఆ శిక్షణలో కూర్చోబెట్టండి. చిన్నపిల్లలతో ఎక్కువసేపు ఉండేది వాళ్లే.

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. మా అమ్మాయి స్విమ్మింగ్ క్లబ్‌లో ఉంది. వేరే ఊళ్లో పోటీలకు పిల్లల వెంట నేనూ వస్తానన్నాను. దానికి నా బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకోవాలట, ఆన్‌లైన్‌లో గంటన్నర కోర్సు కూడా పూర్తిచేయాలట. ఇద్దరు పిల్లల తల్లిని, నా మీద అనుమానమా అని చాలా బాధేసింది. మీరేమంటారు?
— ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

జవాబు: చెల్లెమ్మా, ఆ కోర్సు ఎందుకొచ్చిందో తెలిస్తే మీ బాధ పోతుంది.

అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టుకు లారీ నాసర్ అనే డాక్టరు ఏళ్ల తరబడి పనిచేశాడు. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలోనూ అతనే డాక్టరు. నడుం నొప్పి, తుంటి నొప్పి అని వచ్చిన ఆడపిల్లల్ని వైద్యం పేరుతో లైంగికంగా హింసించాడు. చాలాసార్లు తల్లి అదే గదిలో ఉండగానే, ఆమెకు కనపడకుండా అడ్డంగా నిలబడి. 1997లోనే ఒక అమ్మాయి యూనివర్సిటీ కోచ్‌కి చెప్పింది, పట్టించుకోలేదు. 2015లో జాతీయ సమాఖ్యకు ఫిర్యాదు అందితే వారాల తరబడి ఆగి, ఆ తర్వాతే ఎఫ్‌బీఐకి చెప్పారు. అతను అక్కడినుంచి చప్పుడు లేకుండా తప్పుకుని, యూనివర్సిటీలో మరో ఏడాది పిల్లల్ని చూస్తూనే ఉన్నాడు. 2016లో ఇండియానాపొలిస్ స్టార్ పత్రిక రాసిన కథనం చదివి రేచల్ డెన్‌హాలండర్ అనే మాజీ జిమ్నాస్ట్ తన పేరుతో బయటికొచ్చాకే కదలిక వచ్చింది. 2018 జనవరిలో కోర్టులో నూట యాభై మందికి పైగా వరుసగా నిలబడి తమ మీద జరిగింది చెప్పారు. 40 నుంచి 175 ఏళ్ల శిక్ష పడింది.

ఒక్కసారి ఆలోచించండి. 2014లో అతనికి బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసి ఉంటే ఏం దొరికేది? ఒక్క కేసూ లేదు. ఒలింపిక్స్‌కి వెళ్లొచ్చిన డాక్టరు, అందరితో నవ్వుతూ మాట్లాడేవాడు. రికార్డులు చూడటంతో సరిపోదు, చుట్టూ ఉన్న పెద్దవాళ్లకు ఏం గమనించాలో, ఎవరికి చెప్పాలో తెలిసి ఉండాలన్న సంగతి అప్పుడు అందరికీ అర్థమైంది. దీనికోసమే డెన్వర్ కేంద్రంగా 2017లో సేఫ్‌స్పోర్ట్ అనే సంస్థ మొదలైంది. 2018 ఫిబ్రవరిలో చట్టం వచ్చింది. దాని ప్రకారం మీలాంటి వలంటీర్లు కూడా, అనుమానం వస్తే 24 గంటల్లోగా చెప్పాలి. ఒక పెద్దమనిషి, ఒక మైనర్ క్రీడాకారులు ఇద్దరే ఉండాల్సి వస్తే, ఇంకొకరు చూడగలిగేలా, మధ్యలో వచ్చి ఆపగలిగేలా ఉండాలి. మెసేజ్ పెడితే తల్లిదండ్రులకు కూడా కనపడాలి.

కాబట్టి ఆ గంటన్నర మీ గుణం మీద పరీక్ష అనుకోకండి. ఈత కొలను పక్కన మీకు కనపడబోయేదాన్ని గుర్తుపట్టడం నేర్పుతున్నారు. శ్రద్ధగా చేయండి. ఆ తర్వాత ఒక పని చేయండి. మీ దగ్గర మనవాళ్లు వీకెండ్‌లలో పిల్లలకు క్రికెట్, కూచిపూడి, వేసవి శిబిరాలు నడుపుతుంటారు కదా. అక్కడ "మన అంకులే కదా" అని ఎవరూ ఏమీ అడగరు. ఆ అంకుళ్లు, ఆంటీలు కూడా ఇలాంటి కోర్సు చేయాలని మొదట అడిగే మనిషి మీరే అవ్వండి.

ప్రశ్న: నేను కొత్తగా అథ్లెటిక్స్ కోచ్‌గా చేరాను. ఇలాంటి వార్తలు చదివాక ఆడపిల్లలకు నేర్పాలంటేనే భయంగా ఉంది. పరుగు మొదలెట్టేటప్పుడు కాళ్లు ఆన్చే స్టార్టింగ్ బ్లాక్ మీద నడుం ఎత్తు సరిచేయాలంటే చేయి వేయక తప్పదు కదా మేడమ్?
— కోచ్, అనంతపురం

జవాబు: తప్పుతుంది బాబూ. "సెట్" అన్నప్పుడు తుంటి భుజాల కంటే కాస్త పైన ఉండాలి, అంతేగా? పక్కన రెండు కర్రలు పాతి ఆ ఎత్తులో తాడు కట్టు. నడుం తాడుకి తగిలితే ఎత్తు సరిపోయిందని పిల్లకే తెలుస్తుంది. నువ్వే వంగి చూపించు. అకాడమీ ఫోన్‌తో, అందరి ముందూ వీడియో తీసి అక్కడికక్కడే చూపించు. పాదం, మడమ, మణికట్టు లాంటి చోట్ల తాకక తప్పకపోతే, "మడమ పట్టుకుని కిందికి నొక్కుతాను, సరేనా?" అని ముందు చెప్పు, సరే అన్నాక, అందరూ ఉన్నప్పుడే పట్టుకో. మగపిల్లల విషయంలోనూ ఇదే పద్ధతి.

పిల్లలకు విడిగా మెసేజ్‌లు పెట్టకు. తల్లిదండ్రులున్న గ్రూప్‌లోనే పెట్టు. "ఈరోజు తేలిక ప్రాక్టీస్ కావాలి" అని ఆడపిల్ల అంటే కారణం అడక్కుండా ఇవ్వు. బరువు చూసేటప్పుడు నలుగురిలో అంకె చదవకు. ఇంకొకటి, నువ్వు అడగకపోయినా చెప్తున్నాను. టైమింగ్ తగ్గలేదని పిక్కల మీద బెత్తంతో కొట్టే అలవాటు మన గ్రౌండ్లలో ఇంకా ఉంది. అదీ పిల్లల్ని హింసించడమే. తన్నులు తినడం ఆటలో భాగమేనని నేర్చుకున్న పిల్ల, రేపు ఎవరైనా ఇంకో రకంగా చేయి వేసినా అదీ ఆటలో భాగమేననుకుంటుంది.

భయపడుతున్నావంటే నీకు బాధ్యత ఉంది. ఈ పద్ధతులు పిల్లల్ని కాపాడతాయి, నీ పేరునీ కాపాడతాయి.

ప్రశ్న: కరణం మల్లీశ్వరి పుట్టిన జిల్లా మాది. ఆడపిల్లల్ని ఆటలకు పంపమని ఇల్లిల్లూ తిరిగి ఒప్పించిన రిటైర్డ్ హెడ్మాస్టర్ని. మీరిలా బహిరంగంగా రాస్తే ఉన్నవాళ్లని కూడా మాన్పించేస్తారేమోనని నా బాధ.
— శ్రీకాకుళం జిల్లా

జవాబు: మాస్టారూ, ముందు మీకు నమస్కారం. ఇల్లిల్లూ తిరగడమంటే ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఊళ్లో ఆడపిల్లల్ని మాన్పించేది బహిరంగంగా మాట్లాడిన మాట కాదండీ, గుసగుస. ఎక్కడో ఏదో జరిగిందట అని ఒక్క మాట పాకితే జట్టంతా ఖాళీ అవుతుంది. జరిగిందేమిటో, ఎవరి మీద చర్య తీసుకున్నారో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ భయపడతారు.

హర్యానాలో రుచికా అనే అమ్మాయి కేసు మీకు గుర్తుండే ఉంటుంది. 1990 ఆగస్టు. పద్నాలుగేళ్ల టెన్నిస్ క్రీడాకారిణి. ఆమెతో అసభ్యంగా ప్రవర్తించినవాడు ఆ రాష్ట్ర టెన్నిస్ సంఘం అధ్యక్షుడు, పైగా పోలీసు ఐజీ. ఫిర్యాదు చేస్తే స్కూలు నుంచి ఆ పిల్లనే తీసేశారు. 1993లో ఆ అమ్మాయి ప్రాణం తీసుకుంది. ప్రత్యక్ష సాక్షి అయిన స్నేహితురాలు, ఆమె తల్లిదండ్రులు వదలకుండా పోరాడితే 2009 డిసెంబరులో అతనికి ఆరు నెలల శిక్ష పడింది. పై కోర్టు ఏడాదిన్నర చేసింది. చివరికి 2016లో సుప్రీంకోర్టు నేరాన్ని ఖాయం చేసి, అప్పటికే అనుభవించిన జైలు చాలంది. పోక్సో చట్టం అప్పటికి లేదు. ఇప్పుడుంది. ఉందని మన ఊళ్లలో తెలియాలి కదా.

మీ మాటకు అక్కడ విలువ ఉంది. మళ్లీ తిరిగేటప్పుడు "పిల్లని పంపండి" అనడంతో ఆపకుండా, జట్టు వెంట ఏ టీచరమ్మ వెళ్తున్నారో, రాత్రి ఎక్కడ ఉంటారో, తల్లి ఎవరికి ఫోన్ చేయొచ్చో కూడా చెప్పండి. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) పోటీలకు ఆడపిల్లల్ని తీసుకెళ్లినప్పుడు నేనలాగే చేసేదాన్ని. వెంట ఎవరు వస్తారో తెలిశాక ఒప్పుకున్న తల్లులే ఎక్కువ.

ప్రశ్న: నేను పదో తరగతి. హాస్టల్లో ఉండి కబడ్డీ ఆడతాను. సార్ రాత్రిళ్లు గదికి పిలిచి కాళ్లు పట్టమంటారు. అందరం వంతుల వారీగా పడతాం. కానీ నన్ను ఒక్కణ్నే ఉంచేసి ఒకసారి వేరేగా చేశారు. నేను రాయలేను. మగపిల్లాణ్ని కదా, ఎవరికైనా చెప్తే నవ్వుతారు. టీంలోంచి తీసేస్తారు. నేనేం చేయాలి?
— పేరు, ఊరు లేవు

జవాబు: నాయనా, నువ్వు ఏ తప్పూ చేయలేదు. గదికి వెళ్లడం నీ తప్పు కాదు, అప్పుడు అరవకపోవడం తప్పు కాదు, ఇన్నాళ్లూ చెప్పకపోవడమూ తప్పు కాదు. పిల్లల చేత కాళ్లు పట్టించుకోవడం కోచ్ హక్కు కాదు. గురుభక్తి పేరుతో చాలా హాస్టళ్లలో నడుస్తున్న ఈ అలవాటు మొత్తం పోవాలి. ఆ తర్వాత ఆయన చేసింది నేరం. పోక్సో చట్టానికి ఆడపిల్లా మగపిల్లాడా అన్న తేడా లేదు. పద్దెనిమిదేళ్ల లోపు అందరికీ ఒకటే చట్టం. సంస్థలో నమ్మి అప్పగించిన పెద్దమనిషే చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ.

ఇవాళే ఒకరికి చెప్పు. అమ్మకో, నాన్నకో, అన్నయ్యకో, స్కూల్లో నీకు నచ్చిన టీచర్‌కో, ఎవరైనా సరే. మొత్తం చెప్పలేకపోతే ఈ పేజీ చూపించి "ఇది నాకూ జరిగింది" అను, చాలు. మొదటివాళ్లు నమ్మకపోతే రెండోవాళ్లకు చెప్పు. ఎవరూ లేరనిపిస్తే 1098కి ఫోన్ చెయ్. పిల్లల కోసమే ఉన్న నంబరు, డబ్బులు పడవు, రాత్రైనా పలుకుతారు. వెంటనే ప్రమాదం అనిపిస్తే 112. ఆయన పంపిన మెసేజ్‌లేమైనా ఉంటే చెరిపేయకు. ఈ రాత్రి పిలిస్తే వెళ్లకు, నలుగురు పిల్లలున్న చోటే పడుకో.

పోలీసులంటే భయపడకు. నిన్ను స్టేషన్‌కి రమ్మనకూడదు, ఇంటికో నువ్వు చెప్పిన చోటికో వాళ్లే రావాలి, యూనిఫాం వేసుకోకూడదు, నువ్వు నమ్మేవాళ్లు నీ పక్కన ఉండొచ్చు. నీ పేరు, ఫొటో ఏ పేపర్లోనూ టీవీలోనూ రాకూడదు. ఇవన్నీ చట్టంలో రాసి ఉన్నవే.

నీ ఉత్తరం మీద అడ్రసు లేదు, పోస్టాఫీసు ముద్ర కూడా చదవరాలేదు. అందుకే పత్రికలో జవాబివ్వాల్సి వచ్చింది. నీ పేరూ ఊరూ నాకు రాస్తే ఏం చేస్తానో ముందే చెప్తున్నాను. దాచిపెట్టను. అదే రోజు పోలీసులకు తెలియజేస్తాను, చట్టం నన్నూ అలాగే చేయమంటుంది. నువ్వు ఒప్పుకుంటే మీ అమ్మానాన్నలతో నేనే మాట్లాడతాను, వాళ్లతో పాటు నీ దగ్గరికి వస్తాను. నువ్వు కబడ్డీ ఆడటానికి వేరే గ్రౌండు వెతికే పని నాకు వదిలెయ్.